ఫ్యూజును నిందించని పెద్దమనిషి

పద్దెనిమిది కాదు, పదిహేడే. 1988 జూన్ పదిహేడు, శుక్రవారం. సర్వీసు రిజిస్టరు తీసి చూసి నిర్ధారించుకున్నాను. నా జ్ఞాపకంలో ఆ రోజు ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుంది, రిజిస్టరుకు వానతో పని లేదు. మా సరుకు రవాణా సంస్థ వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేరడానికి ఆయన ఆ ఉదయం తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దగ్గరకు వచ్చారు. అప్పటికి ఏడాది ముందే మెకానిక్‌గా చేరిన నేను వయసులో ఆయనకన్నా రెండేళ్ళు చిన్నవాణ్ణి. "తమ్ముడూ, బ్యాటరీ గది ఎటు?" అని అడిగారు. ఈ నెలాఖరున ఆయన పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ముప్పై ఆరేళ్ళలో ఆయన జుట్టు మారింది, కళ్ళజోడు నాలుగుసార్లు మారింది, ఆ పిలుపు మాత్రం మారలేదు.

మొదటి నాలుగేళ్ళు ఆయన బ్యాటరీ గదిలోనే గడిచాయి. కిటికీ ఒకటే ఉన్న ఆ గదిలో ఆసిడ్ వాసనకు మేమెవరమూ ఐదు నిమిషాలు నిలబడేవాళ్ళం కాదు. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర చిల్లులుండేవి. "పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కూడా ఒక చిల్లు లెక్కపెట్టాను" అని వదినగారు ఇప్పటికీ అంటారు. తర్వాత ఆయన వైరింగు బల్ల దగ్గరకు మారారు. అక్కడే ఆయనకు 'బల్బుగారు' అన్న పేరు వచ్చింది. రెండు వైర్లు అతికించిన పాత హెడ్‌లైటు బల్బు ఒకటి ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది.

లారీలో ఫ్యూజు పోయిందంటే మేము కొత్తది పెట్టి పంపేసేవాళ్ళం. మళ్ళీ పోతే మళ్ళీ పెట్టేవాళ్ళం. మూడోసారి కూడా పోతే, మాలో తెలివైనవాళ్ళమని అనుకునేవాళ్ళం, ఫ్యూజు మీద రాగి తీగ చుట్టి పంపేవాళ్ళం. ఆయన కోపపడగా నేను చూసిన సందర్భాలన్నీ ఆ తీగకు సంబంధించినవే. "అది కాలిపోతూ ఏదో చెప్పింది కదా తమ్ముడూ. వినకుండా నోరు కట్టేస్తే ఇంకేం చెబుతుంది?" అనేవారు. కొత్త ఫ్యూజు పెట్టకుండా, ఆ ఖాళీలో తన బల్బు తగిలించి, ఒక్కో వైరూ కదుపుతూ కూర్చునేవారు. ఎక్కడ కదిపితే బల్బు భగ్గుమంటుందో అక్కడ ఉందన్నమాట జబ్బు. మాకు విసుగొచ్చేది. ఆయనకు వచ్చేది కాదు. ఓపిక అనేది ఒక గుణమని నేను చాలాకాలం అనుకున్నాను. ఎదుటివాడు చెప్పేది పూర్తయ్యేదాకా తీర్పు చెప్పకుండా ఉండగలగడమే అది అని ఆయన్ను చూశాక అనిపించింది.

2003లో జరిగినది ఇప్పుడు రాయాలి. అభినందన సంచికలో ఇలాంటిది రాయవచ్చునా అని వారం రోజులు తటపటాయించాను. ఆయన గురించి నాకు తెలిసిన అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే. ఇది చెప్పాలంటే నా తప్పు చెప్పక తప్పదు.

కొండ మీదికెక్కే ఘాటు దారిలో సరుకు తీసుకువెళ్ళే ఒక లారీకి ఇంజనులోకి డీజిలు వదిలే కవాటం తాలూకు ఫ్యూజు పదేపదే పోసాగింది. అది పోతే ఇంజను ఆగిపోతుంది. రెండు వారాల్లో ఐదుసార్లు ఆ లారీ ఘాటు ఎక్కుతూ నిలిచిపోయింది. వర్క్‌షాపుకు తెస్తే ఏ లోపమూ కనిపించేది కాదు. మేనేజరుగారు వేరే డ్రైవరుకిచ్చి ఖాళీ లారీని అదే దారిలో పంపారు. నిక్షేపంగా వెళ్ళి వచ్చింది. దాంతో అందరి చూపూ దాని అసలు డ్రైవరు మీద పడింది. ఘాటు ఎక్కడం ఇష్టంలేక తనే ఫ్యూజులు పోగొడుతున్నాడన్నారు. మర్నాటి నుంచి ఆయన్ను ఆ లారీ నుంచి తప్పిస్తున్నట్టు చెప్పేశారు.

"నిండు లారీకి పోయింది, ఖాళీ లారీకి పోలేదు. తేడా డ్రైవరా, లోడా?" అని మా బల్బుగారు ఒక్క మాట అడిగారు. తనే లోడు వేయించి, ఆ డ్రైవరునే వెంటబెట్టుకుని, ఫ్యూజు స్థానంలో బల్బు తగిలించి ఘాటుకు బయలుదేరారు. సాయంత్రం తిరిగొచ్చి నన్ను పిలిచారు.

"మొదటి గేరులో ఇంజను గట్టిగా లాగినప్పుడే బల్బు వెలుగుతోంది తమ్ముడూ. కిందకు దూరి లైటు పట్టుకో. నేను ఇంజన్ను కమ్మీతో పక్కకు నొక్కుతా."

బరువు లాగేటప్పుడు ఇంజను దాని రబ్బరు దిమ్మల మీద కొద్దిగా పక్కకు ఒరుగుతుంది. ఆయన కమ్మీతో నొక్కగానే, పైన క్యాబినులో కూర్చున్న డ్రైవరు "వెలిగింది" అని కేక వేశారు. గేర్‌బాక్సు పక్కన ఇనుప పట్టీకి వైర్ల కట్ట రాసుకుని, ఒక వైరు తోలు ఊడి, రాగి మెరుస్తోంది. ఆ కట్టను పట్టి ఉంచవలసిన క్లిప్పు లేదు. క్లిప్పు బోల్టు ఉండవలసిన చోట ఉత్త రంధ్రం ఉంది. దాని పక్కన మాడిపోయిన పురికొస ముక్క వేలాడుతోంది.

ఆ పురికొస కట్టింది నేను. నెల కిందట క్లచ్ ప్లేటు మార్చడానికి గేర్‌బాక్సు దించినప్పుడు ఆ రంధ్రంలో మర అరిగిపోయి ఉంది. రేపు సరైన బోల్టు తెచ్చి బిగిద్దామని, ఇవాళ్టికి పురికొసతో కట్టాను. ఆ రేపు రాలేదు.

బల్బుగారు కిందకు వంగి ఆ ముక్కను తెంపి, ఒక క్షణం చూసి, జేబులో వేసుకున్నారు. నా వైపు చూడలేదు. రంధ్రానికి మర వేయించి, క్లిప్పు బిగించి, జాబ్ కార్డు మీద "క్లిప్పు లేక వైరు రాసుకుంది. డ్రైవరు తప్పు ఏమీ లేదు" అని రాశారు. అబద్ధం ఒక్క అక్షరం లేదు. నా పేరూ లేదు.

మర్నాడు టీ తాగుతున్నప్పుడు పక్కన కూర్చున్నారు.

"తమ్ముడూ, ఏమైనా చెప్పాలా?"

"ఏం లేదన్నా."

"సరే. టీ చల్లారిపోతోంది, తాగు."

మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నాతో మాట్లాడే తీరులో వెంట్రుకవాసి తేడా చూపించలేదు. నేను సూపర్‌వైజరునైనప్పుడు మొదట చేయి కలిపింది ఆయనే.

కుండ మూతికి మూకుడు పెట్టగలం, లోకం మూతికి పెట్టలేం. "క్లిప్పు దానంతటది ఊడిపోతుందా? వాడే తీసుంటాడు" అన్నారు. జాబ్ కార్డు చదివే ఓపిక ఎవరికుంది? మేనేజరుగారు ఆ డ్రైవరును మళ్ళీ లారీ ఎక్కించలేదు, ఊళ్ళో తిరిగే చిన్న వ్యానుకు మార్చారు. 'ఫ్యూజు డ్రైవరు' అన్న పేరు ఆయనకు స్థిరపడిపోయింది. కొత్తగా చేరినవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే అలా పిలిచేవారు. ఒకటి రెండుసార్లు నేనూ పిలిచాను. ఆ సంగతి రాయడం అన్నిటికన్నా కష్టంగా ఉంది.

ఎందుకు చెప్పలేదు? భయం అని సరిపెట్టుకున్నాను కొన్నేళ్ళు. పురికొసకు ఉద్యోగం ఊడదని నాకు అప్పుడే తెలుసు. బల్బుగారి దృష్టిలో చులకనవుతానేమోనని మరికొన్నేళ్ళు అనుకున్నాను. ఆయనకు ఎటూ తెలుసు. చివరికి మిగిలింది ఒకటే: నేను పనిమంతుణ్ణని నాకు నేను చెప్పుకునే కథ. దానికోసం మరొకరి పేరును ఇరవై ఒక్క ఏళ్ళు వాడుకున్నాను. బల్బుగారి మౌనం క్షమ అనుకుని హాయిగా ఉన్నాను. ఆయన నన్ను క్షమించలేదు, ఎదురుచూశారు. ఆ రెంటికీ తేడా నాకు ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాకే తెలిసింది.

ఆ తర్వాతి సంవత్సరాలు మీకందరికీ తెలిసినవే. కంప్యూటర్లున్న లారీలు వచ్చినప్పుడు యాభై ఏళ్ళ వయసులో ఆయన మూడు నెలల శిక్షణకు వెళ్ళి, తనకన్నా సగం వయసున్నవాళ్ళ పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నారు. ప్రధాన ఎలక్ట్రీషియన్‌గా పదకొండేళ్ళలో ఎంతోమందిని తయారుచేశారు. ఎవరి చేతిలో నుంచీ పనిముట్టు లాక్కోలేదు. "ఊళ్ళో లారీలన్నీ వెలిగిస్తారు, మా వంటింటి స్విచ్చు మాత్రం చెయ్యి తగిలితే చురుక్కుమంటుంది" అని వదినగారు ఆరేళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ కేసు వచ్చే నెల ఒకటో తారీఖున విచారణకు వస్తుందని ఆశిద్దాం. ఆయన చేతులకు తీరిక అలవాటు కావాలని, కంటిచూపూ నడకా ఇలాగే నిలవాలని, వదినగారితోనూ వాళ్ళ అమ్మాయితోనూ ఆయన నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా జీవించాలని ఈ వర్క్‌షాపు తరఫున మనసారా కోరుకుంటున్నాను.

ఈ కోరిక రాశాక కలం పెట్టేయలేకపోయాను. నిన్న మధ్యాహ్నం భోజనాల వేళ వ్యాను దగ్గరకు వెళ్ళాను. డ్రైవరుగారు మెట్టు మీద కూర్చుని డబ్బా మూత తీస్తున్నారు. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన వింటూ రెండు ముద్దలు తిన్నారు.

"ఇరవై ఒక్క ఏళ్ళండీ" అన్నారు.

"అవునండీ."

"నాదేముంది లెండి, మొండివాణ్ణి. మా ఆవిడే. ఇప్పటికీ ఏ గొడవొచ్చినా 'నిజం చెప్పు, ఆ రోజు క్లిప్పు నువ్వే తీశావు కదూ' అంటుంది."

ఆయన ఎడమచేత్తో ఫోను తీసి, నంబరు నొక్కి, నా ముందు పెట్టారు. అవతల మోగుతోంది. అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను.

"అమ్మా, నేను వర్క్‌షాపు నుంచి మాట్లాడుతున్నాను. ఆ క్లిప్పు పెట్టకుండా వదిలేసింది మీ ఆయన కాదు, నేను" అన్నాను.