బల్ల కింది ఇటుకలు

1992వ సంవత్సరం జూలై పదమూడో తేదీ, సోమవారం ఉదయం మన సంస్థ రూపకల్పన విభాగంలో చేరిన ఆ యువతి, చేరిన గంటలోనే అందరినీ కంగారు పెట్టారు. పలకరింపుగా చాపిన ఏ చేతినీ ఆమె వెంటనే వదిలిపెట్టలేదు. బొటనవేలి మొదలు నొక్కి చూశారు, మణికట్టు వంచి చూశారు, "ఇక్కడ లాగుతోందా? మరి ఇక్కడ?" అని ఆరా తీశారు. సాయంత్రానికల్లా ఆమెకు 'చేతుల మేడమ్' అన్న పేరు స్థిరపడిపోయింది. నేడు విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న వేళ కూడా మనందరికీ ఆవిడ ఆ పేరుతోనే ఆత్మీయులు.

ఆ రోజుల్లో కంప్యూటర్ మౌస్ అంటే సబ్బుబిళ్ళలాంటి పెట్టె. దానికి తగ్గట్టు చేయే వంగాలన్నది అందరి నమ్మకం. ఆ నమ్మకం ఆవిడను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఉద్యోగులందరికీ మట్టిముద్దలు పంచి, మౌస్‌లా పట్టుకుని బల్ల మీద కదపమని చెప్పి, వేళ్ల గుర్తులు పడిన ఆ ముద్దల నుంచే కొత్త ఆకారాలు తీశారు. ఆ ఆకారాల్లో ప్లాస్టిక్ పోసేందుకు ఉక్కు అచ్చులు కోసే మాస్టారితోనే తదనంతరం ఆవిడ వివాహం జరిగింది. ఆఫీసులో 'మాస్టారూ', ఇంట్లో 'ఏవండీ' అన్న కట్టుబాటును ఆవిడ ఒక్కసారే తప్పారు.

అప్పటికి ఆవిడ సీనియర్ డిజైనర్. అంతకుముందు తెచ్చిన రెండు మౌస్‌లూ అమ్ముడుపోక విభాగం మూతపడే స్థితికి వచ్చింది. మూడోది పరీక్షకు పెడితే పట్టుకున్న ప్రతివారూ ఆహా అన్నారు. ఆవిడకు మాత్రం లోపల ఏదో గుచ్చుతూనే ఉంది. "ఒక్కరైనా వంక పెట్టలేదంటే మనం ఎక్కడో పప్పులో కాలేశాం," అంటూ ఆ నమూనాను చేతిసంచిలో వేసుకుని తిరిగేవారు.

అచ్చు కోయవలసిన రోజు ఉదయం అత్తగారి మోకాలు చూపించడానికి ఆసుపత్రికి వెళ్లారు. కంప్యూటర్‌లో పేర్లు నమోదు చేసే అమ్మాయి ఒక్కో పేరు కొట్టాక చేయి విదిలించుకుంటోంది. మేడమ్ ఊరుకోలేక నమూనా తీసి ఇచ్చారు.

"దీంతో ఒకసారి చూడమ్మా."

"పట్టుకోడానికి హాయిగా ఉందండీ. కానీ ఇదీ ఇక్కడే ఒరుసుకుంటోంది," అంటూ ఆ అమ్మాయి మణికట్టు చూపింది.

మేడమ్ చూపు బల్ల మీద పడింది. బల్ల ఎత్తు. మోచేయి గాల్లో వేలాడుతోంది, బరువంతా బల్ల అంచు మీద ఆనిన మణికట్టు మోస్తోంది. మరి మన పరీక్షల బల్లో? ఎత్తుకు భుజాలు లాగుతున్నాయని మనమే వడ్రంగిని పిలిచి దాని కాళ్లు కోయించుకున్నాం! ఆ మౌస్ ప్రపంచంలో ఆ ఒక్క బల్ల మీదే బాగుంటుంది.

ఆవిడ ముఖం చూసి అత్తగారే తొందరపెట్టారు. "నా మోకాలు ఎక్కడికీ పారిపోదులేవే. పరిగెత్తు!"

ఫోన్ చేస్తే యంత్రాల మోతలో ఎత్తే నాథుడు లేడు. రొప్పుతూ అచ్చుల గది గుమ్మంలో అడుగుపెట్టేసరికి తిరుగుతున్న కోతపనిముట్టు ఉక్కు దిమ్మె మీదికి దిగుతోంది. ఒకసారి కోస్తే ఆ ఉక్కు మరి పనికిరాదు.

"ఏవండీ! ఆపండి!"

గదంతా గొల్లున నవ్వింది. మాస్టారి చేయి మాత్రం అప్పటికే ఎర్ర మీట నొక్కేసింది.

డైరెక్టరు గారు మండిపడ్డారు. "ఇవాళ కోత మొదలవకపోతే ఆర్డరు పోతుందమ్మా. ఆర్డరు పోతే విభాగం మూతే. భార్యాభర్తలిద్దరూ కలిసే ఇంటికి వెళ్లాల్సొస్తుంది!"

మేడమ్ వాదించలేదు. పెరటిగోడ పని దగ్గర నుంచి ఇటుకలు తెప్పించి, పరీక్షల బల్ల కాళ్ల కింద పెట్టించారు. "కాస్త కూర్చుని ఈ మౌస్‌తో మీ ఉత్తరాలు ఇక్కడి కంప్యూటర్‌లోనే చూసుకోండి సార్. తర్వాత మీ ఇష్టం."

ఆయన నవ్వుతూనే కూర్చున్నారు. నవ్వు ఆగింది. మోచేయి పైకి లేచింది. కాసేపటికి తనకు తెలియకుండానే చేయి విదిలించుకున్నారు.

"ఎన్నాళ్లు కావాలి?" అన్నారు చివరికి.

"వారం చాలు సార్."

"కొనేవాళ్లకు నేను చెప్పుకుంటాను. మీరు కానివ్వండి."

మణికట్టుకు ఆసరా దొరికేలా వెనుక వాలు పెంచిన ఆ మౌస్ విభాగాన్ని నిలబెట్టింది. ఆరోజు మాస్టారు, "అందరి ముందూ ఏవండీ అనేశావేమిటోయ్?" అని దెప్పితే, "మాస్టారూ అంటే మీరెప్పుడు ఆగారు గనక!" అన్నారట మేడమ్.

తదుపరి కాలంలో పదోన్నతులు వచ్చాయి, పురస్కారాలు వచ్చాయి, స్థిమితం మాత్రం రాలేదు. నిలువుగా పట్టుకునే కొత్త మౌస్ ఇంకా పరీక్షలోనే ఉంది. నిన్న కూడా ఆవిడ వంగి బల్ల కిందికి చూసి, "నేను వెళ్లాక ఇవి తీసేస్తారేమో!" అన్నారు.

తీయము మేడమ్. ఆ ఇటుకలు అక్కడే ఉంటాయి. కొత్త మౌస్ వాటి మీద నిలిచిన బల్లపై నెగ్గాకే అచ్చుకు వెళుతుంది. ఇది మీ విభాగం మీకు ఇస్తున్న మాట. ఇన్ని వేల చేతుల నొప్పిని తమదిగా భావించిన మీ చేతులు ఏ నొప్పీ ఎరుగక, మాస్టారి చేతిని వదలక, సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.