నలుగురు పొట్టోళ్లు మోసిన పల్లకీ

హంపన్న అని ఒగడుండె. మనిషి పొట్టి. ఎంత పొట్టి అనుకుంటిరి, జొన్నచేన్లోకి పోయినాడంటే మళ్లా బయటికొచ్చే దాకా యాడుండాడో తెలీదు, అంత పొట్టి. వాళ్ల ఊరు బూరుగుంట. రాళ్లు కొట్టే పని వానిది, రెక్కల్లో బలానికేం తక్కువ లేదు. అయినా ఊర్లో ఒక్కరూ వాన్ని పేరు పెట్టి పిలిచేది లేదంట. గిద్దెడు, గిద్దెడు అనేవాళ్లు. గిద్దంటే తెలుసు గదా, గింజలు కొలిచే వాట్లో చిన్నది. "ఏరా గిద్దెడూ, నిలబడుకోని మాట్లాడు" అంటారంట. వాడు నిలబడుకోనే ఉంటాడు! సూడు, మీరూ నవ్వుతాండారు. వాడు గూడా మొదట్లో నవ్వేవాడంట వాళ్లతో పాటు. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారు గదా, అందుకని.

ఆ ఊరి దేవత సుంకులమ్మ. ఏటా జాతర్లో అమ్మోరి పల్లకీ ఊరంతా తిరగాల. దాన్ని మోసేది నలుగురు, నాలుగిండ్లోళ్లు. ఇంటికొక భుజం అనుకో. నాయన పోతే కొడుకు పట్టాల. భుజముండే ఇంటికి చావిట్లో కూర్చునే దానికి చోటుంటాది, మాటకు విలువుంటాది, పిల్లనిచ్చేటోళ్లు గూడా భుజముండాదా అని అడిగి ఇస్తారు. హంపన్న నాయన మారెప్ప ముప్పై ఏండ్లు మోసి ఆ ఏడు కన్ను మూసినాడు. ఏమైందంటే, జాతర ఇంకా పది దినాలుందనంగా ఊరంతా చావిడి కాడ చేరినారు. పెద్దమనిషి ఓబుళప్ప లేసి, మారెప్ప భుజం ఆ మారెప్ప అన్న కొడుక్కు ఇస్తాండామని చెప్పినాడంట. వాడు పొడుగోడులే, వాసం మాదిరి ఉంటాడు. హంపన్న లేసినాడు. అదేంది మామా, మా నాయన భుజం నాది గదా అన్నాడు. "నీదేరా, కాదనేదెవురు? గానీ ముగ్గురు పొడుగోళ్ల నడుమ నువ్వు దూరితే అమ్మోరు ఒక పక్కకు ఒరిగిపోతాది. అపచారం గాదా?" అంటే, యెనకనుంచి ఒగడు, "పీట యేసుకోని మోయమను మామా" అన్నాడంట. చావిడి చావిడంతా ఇరగబడి నవ్వినారు.

ఆ పొద్దు హంపన్న నవ్వలేదు. "మామా, ఒక మాట చెప్పు. ఒరిగేది నేను పొట్టోన్నయినందుకా, వాళ్లు పొడుగయినందుకా? నలుగురమూ నా అంతే ఉంటే ఒరుగుతాదా?" అన్నాడు. ఓబుళప్పకు జవాబు తోచలేదు. తోచకపోతే ఏం జేస్తారు పెద్దమనుషులు, కోపం జేసుకుంటారు. "నీ అంతోళ్లు ఇంకా ముగ్గురుంటే పట్టుకరాపో! జాతర నాటికి తెస్తే మీరే మోయండి. తేలేదంటే నువ్వూ, నీకు పుట్టబోయేవాళ్లూ మళ్లా భుజం మాటెత్తగూడదు" అన్నాడు. మిగతా మూడిండ్లోళ్లు గూడా, తెస్తే గదా, తెచ్చినప్పుడు మా భుజాలూ ఇస్తాంలే అని ఎగతాళి చేసినారంట. సరే, అందరూ ఇన్నారు గదా అని తుండు దులుపుకోని వచ్చేసినాడు హంపన్న.

వాళ్లమ్మ నారెమ్మ సంగటి ముద్ద మూట గట్టిచ్చి, "అడుక్కోవద్దు నాయనా. నీకు తగిలిందే వాళ్లకూ తగిలింటాది, ఆ మాట చెప్పు సాలు" అనిందంట. పోయినాడు. ఒక ఊర్లో కాటన్న అని గొర్రెలు కాసేటోడు దొరికినాడు. విషయం చెప్తే, "నా పెండ్లి మూడుతూర్లు కుదిరింది. కూర్చోనుండంగ కుదిరింది, లేసి నిలబడంగనే చెడిపాయె. పద, వస్తా" అన్నాడు. ఇంకో ఊర్లో గంపలల్లే సిద్దప్ప. వాడు భయస్తుడు. నేను పట్టుకుంటే మీ అమ్మోరు ఒప్పుకుంటాదా అన్నాడంట. "అమ్మోరు ఎప్పుడన్నా మనుషుల్ని జానలు పెట్టి కొలిచిందా? కొలిచేది ఊరోళ్లు" అన్నాడు హంపన్న. వాడూ లేసినాడు.

మూడోవాడే దొరకలేదు. ఆరు దినాలు తిరిగి తిరిగి, ఒక సంతలో గుడ్డలమ్మే రుద్రప్పను చూసినారు. ఆయన సంగతి ఏమంటే, మూరెడు ఎత్తు తలగుడ్డ చుట్టి, మూడు పొరల అట్టల చెప్పులేసి, పొడుగోని మాదిరి తిరుగుతాంటాడు. ఏం గావాల, పంచెనా అన్నాడు. భుజం గావాలన్నా అని హంపన్న అంతా చెప్పినాడు. రుద్రప్ప మొగం కందగడ్డయిపాయె. "ఎవుర్రా పొట్టోడు? నేనా? పోండి ఈడినుంచి!" అని సంతంతా ఇనేటట్టు అరిసినాడు. హంపన్న మాత్రం గొంతు పెంచలేదు. "అన్నా, నేను గూడా వాళ్లతో పాటు నవ్వితే వదిలేస్తారనుకున్యా. వదల్లేదు. ఆ గుడ్డ కింద నువ్వెంతుండావో సంతంతటికీ తెలుసు. తెలీదనుకునేది నువ్వొక్కనివే" అన్నాడు. రుద్రప్ప తలొంచుకోని గుడ్డలు మడతేసుకుంటాన్నాడంట.

ఇంగేం జేస్తారు, ముగ్గురూ బూరుగుంటకొచ్చి వంకలో ఇసకమింద నులకమంచం పెట్టి, దానిమింద రాళ్లు పేర్చి, మోసేది నేర్చుకున్యారు. నాలుగో మూల ఎవురు పట్టినారనుకుంటిరి? నారెమ్మే! ఆమె గూడా ఆ ఎత్తే గదా. ఊరోళ్లు గట్టుమింద నిలబడి ఈలలేసినారు. ఏసుకోనీ అని అడుగు తప్పకుండా నడిసినారు వాళ్లు.

జాతర పొద్దు రానే వచ్చింది. ఓబుళప్ప ఏళ్లు మడిసి లెక్కబెట్టి, "ముగ్గురే గదరా" అన్నాడు. వాసంగాడు, అదే మారెప్ప అన్న కొడుకు, తుండు బిగిస్తాన్నాడు. అప్పుడు జనంలోనుంచి ఒక తలగుడ్డ వచ్చిందంట, అందరి తలలమీదా తేలుకుంటా. రుద్రప్ప! గుడి కాడికొచ్చి, అంతమంది ముందర చెప్పులిడిసినాడు. జానెడు తగ్గినాడు. తలగుడ్డ ఇప్పినాడు. ఇంకో మూరెడు తగ్గినాడు. జనం కిసుక్కుమన్యారు. ఆయన మాత్రం ఆ గుడ్డను పర్రుమని నాలుగు పేలికలు చించి, నలుగురికీ భుజాలమింద మడతేసి పెట్టి, "ఇన్నేండ్లు నెత్తిన మోస్తి దీన్ని. ఇంత బరువని తెలీలేదప్పా" అన్నాడు.

ఎత్తినారు. పల్లకీ ఒక్క పిసరు ఒరగలేదు, నిండుబిందె మాదిరి తొణకలేదు. ఈలలేసేటోళ్లు నోట్లో ఏలు నోట్లోనే పెట్టుకోని చూస్తాండారు. మలుపు తిరిగితే బాలక్కవ్వ ఇల్లు. నడుమొంగిపోయిన ముసల్ది, ఎనభై ఏండ్లుంటాయి. ఏటా హారతి పట్టుకోని నిలబడేది గానీ, ఆమెకు కనపడేది పల్లకీ అడుగు చెక్కే. ఆ పొద్దు పల్లకీ వచ్చి ముందర నిలబడితే, అమ్మోరి మొగం సరిగ్గా ఆమె మొగానికెదురుగా ఉండాది. ముసల్ది అట్లే చూసి చూసి, "అమ్మా! నీకు ముక్కుపుడక ఉండాదా తల్లీ!" అనిందంట. ఇంటింటి కాడా అంతే. ఆడోళ్లు, సంకల్లో పిల్లోళ్లు, కాళ్లు రానోళ్లు, అందరూ అమ్మోరిని కండ్లల్లో కండ్లు పెట్టి చూసినారు.

తిరిగి గుడి కాడికొచ్చినాక ఓబుళప్ప మీసం దువ్వుకుంటా, "బాగుందిరా గిద్దెడూ, ఏటా ఒక పూట మీ నలుగురి తమాషా పెడదాం. దించండి" అన్నాడు. హంపన్న దించలేదు. "తమాషా గాదు మామా, భుజం. నన్ను పేరు పెట్టి పిలువు, మా నాయన భుజం ఎవుర్దో చెప్పు. అప్పుడు దించుతాం" అన్నాడు. మిగతా ముగ్గురూ ఆయప్పను చూడను గూడా చూడలేదు, గుంజల మాదిరి నిలబడుకున్యారు. ఎండ మాడుతాండాది. వాసంగాడు పోయి పట్టుకోబోతే, బాలక్కవ్వ కట్టె అడ్డం పెట్టి, "చెప్పరా ఓబుళా, పేరు పిలిస్తే నీ నోరు అరిగిపోతాదా? అమ్మోరు ఎండలో ఉండాది" అని కసిరింది. ఆడోళ్లంతా అందుకున్యారు. ఆయప్ప అటు చూసి, ఇటు చూసి, గొంతు సవరించుకోని, "హంపన్నా... భుజం నీదే నాయనా. దించు" అన్నాడు. ఇనపడలేదన్నాడంట రుద్రప్ప. మళ్లా చెప్పించినారు. అప్పుడు దించినారు.

కాటన్న, సిద్దప్ప, రుద్రప్ప ఎవురి ఊర్లకు వాళ్లు పోయినారు. తర్వాతి ఏటినుంచి హంపన్న తన భుజం తాను పట్టినాడు, తక్కిన ముగ్గురూ పాత ఇండ్లోళ్లే, పొడుగోళ్లే. మరి ఒరగలేదా అంటారు, ఎట్ల ఒరుగుతాది? ఇంగమిందట గూడా అమ్మోరి మొగం మాకు ఇట్లే కనపడాల్సిందే అని ఆడోళ్లు పట్టుబట్టి కూర్చున్యారు. అందుకని ఆ ముగ్గురూ హంపన్న ఎత్తుకు ఊరంతా మోకాళ్లు వంచుకోని మోస్తాండారు ఇప్పటికీ. మోకాళ్ల నొప్పులు, మోకాళ్ల నొప్పులు అని మూలుగుతాంటారంట. మూలగనీ అప్పా, మనకేం?