వీధి మూల సంచి

వీధిలో అన్ని ఇళ్లకూ కలిపి చెత్తబండి కుదిర్చింది టీచరమ్మే. ఎదురింట్లో బట్టలు కుట్టే ఆమె ఒక నల్ల సంచితో ఆవిడ గేటు ముందుకొచ్చింది.

“పొద్దున మీరు దీన్ని వీధి మూలన పడెయ్యడం చూశానండి.”

టీచరమ్మ తల వాలిపోయింది. “మా మామగారి డైపర్లమ్మా. ఎవరికీ తెలియనివ్వద్దని నా చేతులు పట్టుకున్నారు.”

“నిన్న వీధి మీటింగులో మీ పక్కింటివాళ్లు ఆ మూలన రోజూ పడే చెత్తంతా నాకే అంటగట్టారు. పక్కనే ఉండి మీరు నోరు విప్పలేదు.”

“విప్పలేకపోయాను. నీకు ముఖమెలా చూపించాలో తెలియట్లేదు.”

“నాకెందుకు? ఆ మాటన్నవాళ్లకు చెప్పండి.”

“పెద్దాయన పరువు పోతుంది కదమ్మా.”

“ఆయన ఊసెందుకు? వేసింది మీరని చెప్పండి, చాలు. ఇకమీదట సంచి నాకివ్వండి, మా గుడ్డపీలికల్లో కలిపి బండిలో వేస్తాను.”

టీచరమ్మ చెప్పులు వేసుకుని, వెళ్లి పక్కింటి తలుపు తట్టింది.