పడమటి గేటు

"ఆవు కోసం డాక్టరు నలభై నిమిషాల్లో వచ్చింది. మీ అక్క కోసం ఇరవై ఆరు గంటలైనా ఎవడూ చెయ్యి కదపలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు."

టెక్సాస్ చివర, న్యూమెక్సికో రాష్ట్రపు సరిహద్దు గీతకు ఆనుకుని ఉన్న మా మేత భూమి. పడమటి గేటు దగ్గర నేనూ, పోయిన నా భార్య రేనెల్ తమ్ముడు గారెట్టూ. అతని చేతిలో గొలుసు, తాళం.

"నేను వాదించడానికి రాలేదు హోలిస్ బావా."

"గొలుసుతో వచ్చావుగా."

"ముందు నా మాట విను. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దలందరూ కూర్చున్నారు. గంటసేపు నీ గేటు గురించే."

"నా గేటుకి అంత పేరొచ్చిందా?"

"నవ్వులాట కాదు. కడుపు తీయించుకోడానికి పోయే ఆడవాళ్ళని మన కౌంటీ రోడ్ల మీద గీత దాటించకూడదని అక్క ఉండగానే కౌంటీ తరఫున తీర్మానం చేశాం. హైవే కానీ, అడ్డరోడ్లు కానీ, అన్నీ అందులోకి వచ్చాయి. ఇక మిగిలిన కంత ఇదొక్కటే."

"కౌంటీ రోడ్డు నా టపా డబ్బా దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా మా తాత వేసిన బాట. గేటవతల న్యూమెక్సికో, అక్కడ అది నేరం కాదు. నా గడ్డి మీద ఎవరు పోతే మీకేం?"

"టపా డబ్బాదాకా మా రోడ్డు మీదేగా వస్తున్నారు?"

"అక్కడిదాకా నన్ను చూడ్డానికి వస్తున్నారు. పెళ్ళాం పోయినవాణ్ణి కదా, పరామర్శకి."

"అందరూ ఆడవాళ్ళేనా పరామర్శకి?"

"మగాళ్ళెవరూ రాలేదు మరి. నువ్వు కూడా ఏడాదికి ఇవాళే వచ్చావు."

"అదేం మాట బావా! మా ఆవిడ లానా చేత మూడుసార్లు కేసరోల్ వండించి పంపానా లేదా?"

"పంపావు. మా కుక్క మూడుసార్లూ వాసన చూసి వెళ్ళిపోయింది."

"నువ్వింక మారవు. సరే, జరుగు. గొలుసు వేసి నా దారిన నేను పోతా. నువ్వు చూడనట్టు ఉండు చాలు. ఎవరూ నిన్నేమీ అనరు."

"ఒరే గారెట్, నీకు గుర్రమెక్కడం నేర్పింది ఎవరు?"

"నువ్వే."

"గేటు గురించి ఏం నేర్పాను?"

"ఇప్పుడదంతా ఎందుకు?"

"చెప్పు."

"తెరిచి ఉంటే తెరిచే ఉంచు, మూసి ఉంటే మూసే ఉంచు."

"నువ్వొచ్చేసరికి ఎలా ఉంది?"

"తెరిచి ఉంది. కానీ అది పశువుల కోసం చెప్పిన మాట బావా. అయినా ఇలా బార్లా తెరిచిపెడితే నీ పశువులు పోవా?"

"ఈ చేలో పశువుల్లేవు. అన్నిటినీ తూర్పుకి తోలేశాను."

"ఎప్పుడు?"

"మార్చిలో."

"ఏడు నెలలా? ఈ కరువులో ఇంత గడ్డి వదిలేశావా? తూర్పున ఏం మేస్తున్నాయి, రాళ్ళా?"

"సగం మందని వేలానికి పంపేశాను."

"పిచ్చి పట్టింది నీకు."

"పట్టనీ."

"ఒక్క గేటు కోసం సగం మంద!"

"గేటు నాది, మందా నాదే. నీకెక్కడ నొప్పి?"

"బావా, నీ బాధ నాకు తెలీదనుకోకు. నా అక్క అది. కానీ ఆవు సంగతీ అక్క సంగతీ ఒకటేనా?"

"కాదు. ఆవు సంగతి మెరుగు."

"అలా మాట్లాడకు."

"ఎర్ర పెయ్య, తొలిచూలు. దూడ అడ్డం తిరిగింది. పశువుల డాక్టరమ్మ పెటిగ్రూ వచ్చి, భుజందాకా చెయ్యి పెట్టి చూసి, 'రెండూ దక్కవు హోలిస్, నీకేది కావాలి?' అంది. తల్లి అన్నాను. దూడ గుండె కొట్టుకుంటోందో లేదో ఆవిడా చూడలేదు, నేనూ అడగలేదు. పని కానిచ్చింది. గంటలో పెయ్య లేచి నీళ్ళు తాగింది."

"కడుపులో బిడ్డ దూడ కాదు బావా."

"నాకు చెబుతున్నావా? అది నా బిడ్డ. పేరు కూడా పెట్టుకున్నాం. ఏం పేరో నీకు తెలుసా?"

"తెలీదు."

"తెలుసుకోకు. అయిదో నెలలో ఉమ్మనీరు పోయింది. ఇక బిడ్డ నిలవదని మొదటి గంటలోనే డాక్టర్లు చెప్పేశారు. చెప్పి చేతులు కట్టుకున్నారు. గుండె కొట్టుకుంటోంది కాబట్టి ముట్టుకోం, చట్టం ఊరుకోదు అన్నారు. ప్లీడరుని అడగాలి అన్నారు. ప్లీడరు భోజనానికి వెళ్ళాడు అన్నారు. ఆయన భోంచేసి వచ్చేసరికి మీ అక్కకి జ్వరం మొదలైంది."

"అది ఆస్పత్రి వాళ్ళ పిరికితనం. తల్లికి ప్రాణం మీదికొస్తే చెయ్యొచ్చని చట్టంలోనే ఉంది."

"ఎంత మీదికి రావాలి? అదే అడిగాను వాళ్ళని. 'ఇంకొంచెం' అన్నారు. ఇంకొంచెం అన్నారురా."

"బావా, అదుగో దుమ్ము. ఎవరో వస్తున్నారు."

"రానీ."

"గేటుకి అడ్డంగా నిలబడతా నేను."

"నిలబడు. బండి వాళ్ళది, కాళ్ళు నీవి. అదుగో ఆగింది, ముసలావిడ అద్దం దించుతోంది."

"అయ్యా, కాస్త దారి చెబుతారా? న్యూమెక్సికోకి ఇటేనా? పెట్రోలు బంకులో అమ్మాయి చెప్పింది, గాలిమర దాటాక తెరిచిన గేటు ఉంటుందని."

"ఇటేనమ్మా. గేటు దాటి తిన్నగా రెండు మైళ్ళు. తారు రోడ్డు తగిలాక కుడికి తిరగండి."

"ఒక్క నిమిషం ఆగు పెద్దమ్మా. వెనక సీట్లో పడుకుందే, ఎవరు?"

"మా మనవరాలు బాబూ. కారు పడక కళ్ళు తిరుగుతున్నాయి."

"పేరేంటి? మీదే ఊరు?"

"పేరు చెప్పకండమ్మా. వీడు కౌంటీ కమిషనరు."

"అయ్యో... లేదు బాబూ, మేం మా చెల్లెలింటికి పోతున్నాం. దానికి మోకాలు ఆపరేషను..."

"అబద్ధం కూడా అక్కర్లేదమ్మా. ఈ నేల నాది. పోండి. గారెట్, పక్కకి జరుగు. జరగమన్నానా?"

"జరిగాను కదా!"

"మళ్ళీ గేటు వెయ్యాలా అయ్యా?"

"వద్దు. ఎలా ఉంటే అలాగే."

"దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి నాయనా."

"చూడడు. మీరు పోండి."

"... ఆ పిల్లకి పదిహేనేళ్ళు కూడా ఉండవు బావా."

"అడ్డంగా నిలబడతానన్నావే?"

"గుండెలకి హత్తుకుని ఆ బొమ్మ దిండొకటి."

"కాళ్ళు కదిలాయిగా."

"ఆ ముసలావిడ బండి అలా నడుపుతోంది, ఎక్కడ గుద్దుతుందోనని జరిగాను."

"అవునవును. పెన్ను తీశావెందుకు?"

"నంబరు..."

"రాసుకున్నావా?"

"సగం."

"మిగతా సగం?"

"దుమ్ములో కనబళ్ళేదు."

"నీ కళ్ళు ఇప్పుడైనా చెడ్డాయి, సంతోషం."

"వెటకారం చాలు. దావా ఎవడైనా వెయ్యొచ్చని తీర్మానంలోనే ఉంది. ఇంకొకడైతే నంబరు మొత్తం రాసేవాడు. ఆవిడ మీద దావా వేసేవాడు. సాయం చేసినందుకు నీమీదా వేసేవాడు. రేపు ఎవరో ఒకరు వేస్తారు కూడా. నేను ఆపలేను."

"వెయ్యమను. జడ్జీ ముందు ఆవు సంగతి చెబుతా."

"బావా, ఇటు చూడు. నీకోసం కాదు, పెద్దల కోసం కాదు. అక్క కోసం అడుగుతున్నా. ఈ గొలుసు వెయ్యనీ."

"ఆ మాట అనకు."

"అంటాను. అక్క ఉంటే తన పొలంలో ఇది జరగనిచ్చేదా? తీర్మానం పెట్టమని మనం రాసిచ్చిన కాగితం పటం కట్టి చర్చి హాల్లో పెట్టాం. నాలుగొందల సంతకాలు. మొదటి పేజీలో మూడోది నీది, నాలుగోది అక్కది. అక్క పోయాక నేను నిలబడ్డది ఆ సంతకం పట్టుకునే. ప్రతి ఆదివారం దాని ముందు నిలబడతా. తను నమ్మినదాని కోసమే పోయింది, అనుకుంటా. లేకపోతే నాకు నిద్రెలా పడుతుంది?"

"ప్రతి ఆదివారం చూస్తావా?"

"చూస్తా."

"ఆ రోజు నువ్వు ఆస్పత్రికి ఎన్నో గంటకి వచ్చావు?"

"వద్దు బావా."

"పద్నాలుగో గంటకి. నువ్వొచ్చేసరికి అక్క ఏమంటోంది?"

"గుర్తు చెయ్యకు."

"ఏమంటోంది?"

"... గీత దాటించమంది. ఇక్కడ వీళ్ళు నన్ను చంపేస్తారు, అవతలికి తీసుకుపొండి, అంది. మన పొలం మీదుగా పోతే దగ్గరే, అంది."

"నువ్వేమన్నావు?"

"నేను చిన్నవాణ్ణి. తీసుకుపోవాల్సింది నువ్వు. నీకు పికప్ ఉంది, గేటు ఉంది..."

"ఉంది. ఆ రోజు ఈ గేటుకి తాళం ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. నా సంగతికి వస్తాను. ముందు నువ్వేమన్నావో చెప్పు."

"రోడ్డు మీద తీసుకుపోకూడదు అక్కా, తీర్మానం అయిపోయింది, అన్నాను."

"ఇంకా?"

"బావా..."

"ఇంకా ఏమన్నావురా?"

"'దాని మీద నువ్వే సంతకం పెట్టావు కదక్కా' అన్నాను."

"తనేమంది?"

"ఏమీ అన్లేదు. నీవంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది. ఒప్పుకుందనుకున్నా."

"మీ అక్కది ఏ చేతి వాటం?"

"ఎడమ. ఎందుకు?"

"బళ్ళో టీచరు దాన్ని కొట్టేది, అక్షరాలు వెనక్కి వాలుతున్నాయని. చచ్చేదాకా అలాగే రాసింది. చీటీ అయినా, పుట్టినరోజు కార్డయినా."

"అవును, వెనక్కి. నా దగ్గర ఉన్నాయి కార్డులు. అయితే?"

"పటంలో ఆ సంతకం ఎటు వాలింది?"

"ఎటంటే... ముందుకి. అందరివీ ముందుకే..."

"దాని పైన నాది ఉంది. అదెటు?"

"అదీ ముందుకే. అదే చేతిరాత..."

"ప్రతి ఆదివారం చూస్తావుగా."

"బావా, నువ్వా?"

"ఆ రోజు చర్చి బయట పికప్‌లోంచి దిగలేదు తను. నేను పెట్టను హోలిస్, అంది. ఏ ఆడదానికి ఏ అవసరం వస్తుందో నాకేం తెలుసు, అంది. లోపల అందరూ వరసలో నిలబడ్డారు. నా పేరు రాశాను. కింద గీత ఖాళీగా ఉంది. నీ ఆవిడ రాలేదేం అని వెనకనుంచి ఎవరో అడిగారు. దాణా కొట్లో ఇద్దరి పేరూ నేనే రాస్తాగా, అక్కడా రాసేశాను. పికప్ ఎక్కాక దానికి చెప్పలేదు."

"అంటే అక్కకి... నేను ఆ మాట అనేదాకా..."

"నీ నోటి వెంటే తెలిసింది."

"మరి ఎందుకన్లేదు? నేను పెట్టలేదురా అని ఒక్క మాట అంటే నేను... ఎత్తుకుపోయేవాణ్ణి బావా, నా భుజం మీద వేసుకుపోయేవాణ్ణి..."

"గదిలో పాస్టరు ఉన్నాడు, నర్సు ఉంది, నువ్వున్నావు. నలుగురిలో మొగుడి పరువు తియ్యలేదు. అంతే. నాకు తెలుసు, దానికి తెలుసు. నావంక చూసింది. నేను చెబుతాననుకుంది."

"నువ్వు చెప్పలేదు."

"చెప్పలేదు. తర్వాత ఇంకో పన్నెండు గంటలు బతికింది. అప్పుడూ చెప్పలేదు."

"బావా... ఎలా బతుకుతున్నావు బావా?"

"గేటు దగ్గర నిలబడి."

"ఈ గొలుసు తీసుకో... కాదు, నా దగ్గరే ఉండనీ... నాకేం తెలీట్లేదు. చర్చిలో ఏం చెప్పను నేను? పటం ముందు ఎలా నిలబడను?"

"దాని పేరు కొట్టేయించు. నాది ఉంచు. మీ అక్క ఈ మాట ఎవరికీ చెప్పకుండా పోయింది. నేను నీ ఒక్కడికి చెప్పాను. ఇక నీ ముందైనా, జడ్జీ ముందైనా, దేవుడి ముందైనా ఇది నా నోట రాదు, అడక్కు. గేటు ఎలా ఉంటే అలా వదిలేసి వెళ్ళు."