అమ్మిన నిద్ర

రేపటి లీగ్ మ్యాచ్ ఆడడానికి వచ్చిన పైఊరి కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ సాయంత్రమే మోటెల్‌లో దిగింది. కౌంటర్ దగ్గర యజమాని తన బావమరిదిని ఎగాదిగా చూశాడు.

“ఆ పిల్లల రూమ్ ఫోన్ నంబర్లు ఎవరికిచ్చావురా?”

“మన ఊరి టీమ్ ఫ్యాన్స్‌కి, బావా. రాత్రంతా ఫోన్లు చేసి నిద్ర చెడగొడతారంట. సరదాకే!”

“తొమ్మిది గంటలు బస్సులో వచ్చారు వాళ్లు. అసలే ఇక్కడ గెలవడం కష్టం. నీకేం ముట్టింది?”

“రెండు ఫ్రంట్ రో టికెట్లు.”

“ఛీ! మనం అమ్మే సరుకే నిద్రరా. అమ్మేసిందాన్ని రెండోసారి అమ్ముకున్నావు.”

“ఇచ్చేశాను కదా, ఇప్పుడేం చేస్తాం?”

“రూమ్ ఫోన్లన్నీ కౌంటర్‌కి మళ్లించాను. ఈ రాత్రి డ్యూటీ నీది. ప్రతి ఫోనూ నువ్వే ఎత్తు. రేపు ఆ ఫ్రంట్ రోలో కూర్చుని కునికిపాట్లు పడు.”