బఠానీల ఇసకలో ఏపిన రాయి

కామేశ్వరేనా? ఆ పేరు నీకెక్కడ దొరికిందమ్మా? డబ్బీ మీదా? ఏ డబ్బీ? సర్లే, కూకో. బఠానీలు తరవాత కడతాను. పొద్దుట్నుంచి గరిటి తిప్పతన్నాను, రెక్కలు పడిపోతన్నాయి. ఆ పిల్లగుంట పోయి శానా కాలవైంది తల్లీ, నువ్వప్పటికి పుట్టలేదు. గోదారోళ్ళు. ఆళ్ళ నాన్నకి పోర్టులో ఉద్యోగం, ఇదే సందులో, మా కొట్టు మీద మేడగదిలో అద్దెకుండీవోరు. పొద్దుటే కిందకి దిగి "బాబాయ్ గారండీ, వేడివి ఓ పొట్లం కట్టండి" అనీది. బఠానీలేపుకునే ఎల్లారావుకి గారండీ ఏటమ్మా! ఆళ్ళ మాటే అంత. ఇప్పుడీ సందులో అలగ పిలిసీవోళ్ళెవరున్నారు, ఆటోవోళ్ళు హారన్ కొట్టి పిలుత్తారు. ఏటి సెప్తన్నాను? ఆఁ, రాయి.

ఓరోజు మెట్ల మీద కూకుని ఏడుత్తంది. ఏటమ్మా అంటే, నువ్వు సదివే కాలేజీలోనే రీసెర్చి సేసీది గదా, అక్కడికి పైదేశం నుంచి ఓ స్ఫటికం తెప్పించేరట, పటికబెల్లం పలుకంతుంది. దాన్లోంచి లేజరు ఎలుతురు పంపితే మొదట గుండ్రంగా వొచ్చీది, రాన్రానూ సాగిపోయి, సెదిరిపోయి వొత్తందట. పెద్ద మేస్టారేమో "నువ్వే గీత పెట్టావు. వారంలో బాగుచెయ్యి, లేదంటే రీసెర్చి మానెయ్యి" అనీసేడు. "గీత కాదండి బాబాయ్ గారూ, వెలుగే చేసిందండి" అంటాది ఈ గుంట. ఎలుతురు రాయినేటి సేత్తాదే అని నవ్వీసేను. గరిటి లాక్కుని నా మూకుట్లో ఇసక నెట్టింది. "చూడండి, నెట్టినచోట గాడి, పక్కన గట్టు. వెలుగు పడ్డచోట రాయిలోపలి కరెంటు రేణువులు ఇలాగే పక్కకెళ్ళి పోగవుతాయండి. దాంతో అక్కడ రాయి గుణమే మారిపోయి, తర్వాతొచ్చే వెలుగు వంకరపోద్ది. సన్నగా వేడిచేసి ఆరనిస్తే అన్నీ సర్దుకుంటాయండి." లేబులో పొయ్యి ఆ గుంటని ముట్టుకోనివ్వరట. ఇంకేటి సేత్తాం, ఆ పూట బేరం మానీసి, రాయిని ఇత్తడి బరిణిలో పెట్టి నా ఇసకలోనే కప్పీసేం. గబుక్కున కాగినా ఆరినా పగిలిపోతాదంది, అంచేత సన్నసెగ. మర్నాడు కాలేజీ నుంచి లగెత్తుకొచ్చింది. "గుండ్రంగా వచ్చిందండీ!"

ఇచ్చీసి ఊరుకోవే అన్నాను. "ఊరుకుంటే గీత పెట్టానని ఒప్పుకున్నట్టేగా" అంది. అదమ్మా దాని మొండితనం. కాలేజీలో అందరి ముందూ రాయిలోకి ఎలుతురు పెట్టి, పాడవడం సూపించి, మళ్ళీ ఏపి బాగుసేసి సూపిత్తానంది. మూకుడూ, ఇసకా, పొయ్యీ రిచ్చాలో ఏసుకుని నానూ ఎల్లేను. సెప్పినట్టే ఎలుతురు సాగిపోయింది. "ఇప్పుడు బాబాయ్ గారి మూకుట్లో..." అందో లేదో, మేస్టారు "ఫారిన్ క్రిస్టల్ని బఠానీలతో వేపావా!" అన్నాడు. ఇంక ఆ నవ్వులు, ఓలమ్మ! "చూశారుగా, నా కళ్ళముందే మళ్ళీ పాడుచేసింది" అని రాయి లాగీసుకుని, ఓ డబ్బీలో ఏసి, మీద కాయితం సీటీ అంటించి, బీరువాలో పడీసి తాళం ఏసీసేడు. "ఒక్క పూట ఆగండి సార్" అంది. ఎవుడాగుతాడు? నాను వరండాలో మూకుడు పట్టుకుని నిలబడే ఉన్నాను.

తరవాత రీసెర్చి మానీసి పద్మనాభం ఊళ్ళో బడిపంతులమ్మగా సేరింది. రోజూ బస్సులో ఎల్లొచ్చీది. మా కొట్టు ముందునుంచే ఎల్లీది గానీ పొట్లం మాత్రం అడిగీది కాదు. నాకు మా సెడ్డ బాధనిపించీది. రెండేళ్ళకి ఏదో జొరవొచ్చి పోయింది. ఆ మేస్టారూ పోనాడు. నవ్వినోళ్ళూ పోనారు. ఆ నవ్వొకటే నా సెవుల్లో ఉండిపోయింది.

ఏటీ, ఆ డబ్బీ నీకే దొరికిందా? కామేశ్వరి పాడుచేసినది అని సీటీ ఇంకా ఉందా దాని మీద? ఎలుతురు పెట్టి సూసేవా మరి? ...గుండ్రంగా వొచ్చిందా? ఎవరూ ఏపలేదు కదే! ...సీకట్లో ఉంటే సాలా? ఏపకపోయినా, అన్నేళ్ళకి దానంతటదే సర్దుకుంటాదా?

...

ఆ సీటీ పీకీమ్మా. ముందది పీకీ.

బఠానీలెన్ని పొట్లాలన్నావు?