ఎడమవైపు రెండు క్లాంపులు

నా పూర్తి పేరు, ఇంటి నంబరు పై కాగితంలో రాసుకున్నారు. వీధిలో అందరూ నన్ను పళ్ళాయన అంటారు. వయసు అరవై మూడు. ముప్పై ఆరేళ్ళు పంటి డాక్టర్లకు కట్టుడు పళ్ళు, లోహపు తొడుగులు చేసి ఇచ్చాను. పని మానేసి మూడేళ్ళయింది. పెళ్ళి చేసుకోలేదు. మంగళవారం ఆసుపత్రి వరండాలో నేను చెప్పి సంతకం పెట్టిన వాంగ్మూలంలో ఒక అబద్ధం ఉంది. అందులో చెప్పకుండా దాచిన విషయం కూడా ఒకటి ఉంది. ఈ రోజు శనివారం ఉదయం పదకొండు గంటలకు నా అంతట నేనే స్టేషనుకు వచ్చాను. నన్ను ఎవరూ పిలవలేదు.

పాత కంచు బొమ్మలు పోగుచేయడం నా అలవాటు. పంటికి తొడుగు చేసే పద్ధతీ, కంచు బొమ్మ పోసే పద్ధతీ ఒకటే. ముందు మైనంతో చేసి, దాని చుట్టూ మట్టి లాంటి ముద్ద కట్టి కాలుస్తాం. మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో లోహం పోస్తాం. నేను గోరంత చేసేవాణ్ణి, వాళ్ళు నిలువెత్తు చేశారు, అంతే తేడా. మొదట ఒక చైనా ధూపపు గిన్నె కొన్నాను. తర్వాత జావా గంట, వియన్నాలో చేసిన రంగుల పిట్టలు, ఇటలీ నుంచి వచ్చిన తలుపు గుబ్బలు, ఇలా ఇరవై రెండేళ్ళలో నలభై ఒకటి పోగయ్యాయి. వాటిలో ఒకటి జపాను కొంగ. మూరెడు ఎత్తు ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పి, రెక్క సర్దుకుంటూ ఉంటుంది. ఆ కాలు నా చిటికెన వేలంత కూడా ఉండదు. అంత సన్నటి కాలును బుడగ లేకుండా పోసినవాడి పనితనం నాకు ఈ జన్మలో రాదని దాన్ని చూసినప్పుడల్లా అనుకునేవాణ్ణి.

చనిపోయినది నా చెల్లెలు. నాకంటే ఏడేళ్ళు చిన్నది. నర్సుగా చేసి రిటైరైంది. భర్త పోయిన దగ్గర్నుంచి, అంటే పదకొండేళ్ళుగా, నా ఇంట్లోనే ఉంది. కొడుకు ఈ ఊళ్ళోనే మందుల షాపులో పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. మా అన్నయ్యకి నలభై ఒక్కమంది పిల్లలు, ఒక్కడూ అన్నం పెట్టమనడు, ఒక్కడూ చేతి కింద సాయానికి రాడు అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అలా అంటూనే రోజూ పొద్దున మెత్తటి బ్రష్షుతో వాటిని తుడిచేది. పచ్చటి చిలుము రాలకుండా ఎలా తుడవాలో నేను ఒకసారే చూపించాను. రెండోసారి చూపించాల్సిన పని రాలేదు.

పోయిన వారం నాకు నలభై రెండోది వచ్చింది. ఫ్రాన్సులో చేసిన కమ్మరి బొమ్మ. సమ్మెట భుజాన వేసుకుని నిలబడి ఉంటాడు. ముప్పై ఎనిమిది కిలోలు. ఆ బరువు కోసం చెక్క రాక్‌ను గోడకు బిగించడానికి పోయిన శనివారం సాయంత్రం నాలుగింటికి వడ్రంగిని పిలిచాను. నాలుగు చోట్ల, రాక్‌ను గోడకు పట్టి ఉంచే ఇనుప క్లాంపులు వేయాలన్నాడు, ఎడమవైపు రెండు, కుడివైపు రెండు. ఎడమవైపు బొమ్మలు దించి రెండు బిగించాడు. డ్రిల్లు వేస్తున్నంతసేపూ జావా గంట సన్నగా మోగుతూనే ఉంది. ఎర్రటి ఇటుకపొడి లేచి కొంగ రెక్క మీద పడింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇక చాలు, ఆపెయ్ అన్నాను. అతను డ్రిల్లు దించి, ఇలా అన్నాడు.

"సార్, సగం బిగించింది బిగించనట్టే. మిగతా రెండూ వేసేదాకా ఆ కమ్మరిని పైన పెట్టకండి. నేల మీదే ఉండనివ్వండి."

సరేనన్నాను. తర్వాత కబురు చేస్తానన్నాను. చేయలేదు.

ఆదివారం మధ్యాహ్నం కమ్మరిని పై అరలో, కుడి చివర పెట్టాను. కిటికీ వెలుగు అక్కడ పడుతుంది. ఎత్తడానికి చెల్లెలు ఒక చెయ్యి వేసింది. వడ్రంగి చెప్పిన మాట ఆమెకు నేను చెప్పలేదు. శనివారం ఆ సమయంలో ఆమె బజారుకు వెళ్ళి ఉంది. ఈ సంగతి స్పష్టంగా రాయమని కోరుతున్నాను. ఆమెకు తెలియదు. తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే.

మంగళవారం మధ్యాహ్నం బొమ్మలు చూడడానికి ఒక పెద్దమనిషి వస్తానన్నాడు. పై అర తుడవమని పొద్దున్నే చెల్లెలికి చెప్పాను. మోకాలు పట్టేసింది, పీట ఎక్కలేను, రేపు తుడుస్తానంది. ఈ రోజే తుడవాలన్నాను. నేనే ఎక్కి తుడవవచ్చు. నాకు మోకాళ్ళ నొప్పులు లేవు.

పది గంటల నలభై నిమిషాలకు నేను వెనక వరండాలో స్టవ్ మీద బొమ్మలకు పూసే మైనం కరగబెడుతున్నాను. ముందు గదిలోంచి ఒక పెద్ద చప్పుడు, దాని వెనకే చాలా చప్పుళ్ళు వచ్చాయి. కంచు కింద పడితే ఊరికే ఆగదు, మోగుతుంది. నేను స్టవ్ ఆపి, గది గుమ్మంలోకి వచ్చేసరికి గంట ఇంకా మోగుతూనే ఉంది.

రాక్ కుడివైపు గోడను వదిలేసి, ఎడమ క్లాంపుల మీద తిరిగి, వాటిని కూడా పెరుక్కుని ముందుకు పడింది. చెల్లెలు నడుము దాకా దాని కింద ఉంది. కమ్మరి ఆమె పొట్ట మీదుగా పక్కకు దొర్లాడు. ముఖం మీద చిన్న గీత కూడా లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బ్రష్షు చేతిలోనే ఉంది. నాకూ ఆమెకూ మధ్య నేల మీద కొంగ పడి ఉంది.

నేను కొంగను ఎత్తాను.

ఎందుకు ఎత్తారని అధికారి గారు అడిగారు. కాలికి అడ్డం వచ్చింది కాబట్టి అని చెప్పవచ్చు. అడ్డం రాలేదు. కాళ్ళూ చేతులూ ఆడలేదని చెప్పవచ్చు. చేతులు బాగానే ఆడాయి. దాన్ని కిటికీ వైపు తిప్పి చూశాను. మెడ దగ్గర వంగింది. కాలు విరగలేదు. కాలు విరగలేదని రెండుసార్లు చూసుకున్నాను. పక్క గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద, చెల్లెలి దిండు మీద, పక్కకు పడుకోబెట్టాను. ఆ తర్వాత ఆమె దగ్గరికి వచ్చాను.

ఆమె అంతా చూసింది.

"కాలు విరగలేదు కదా అన్నయ్యా?" అంది.

ఆ మాట ఆమె వెటకారంగా అందో, నిజంగానే అడిగిందో నాకు తెలియదు. పదకొండేళ్ళలో నాతో వెటకారం లేకుండా మాట్లాడిన రోజులు తక్కువ. కానీ ఆ కాలును రోజూ తుడిచిన చెయ్యి కూడా ఆమెదే. గొంతు ఎలా ఉంది అని అధికారి గారు అడిగారు. మామూలుగా ఉంది. ఎప్పటిలాగే ఉంది. అదే నాకు అర్థం కావడం లేదు.

విరగలేదు అన్నాను.

"అయితే ఇటు రా. నన్ను లాగకు. ముందు ఫోన్ చెయ్యి," అంది.

ఫోన్ చేశాను. పది యాభై రెండుకు చేసినట్టు ఫోన్‌లో ఉంది. చప్పుడు విన్నది పది నలభైకి. మధ్యలో పన్నెండు నిమిషాలు ఎలా గడిచాయో నేను లెక్క చెప్పలేను. కొంగ కోసం అన్ని పట్టవు. గురువారం నాడు నేను ఒక్కణ్ణే కొంగకు బదులు నా దిండు పట్టుకుని, వెనక వరండాలో అంతే దూరం నడిచి, గడియారం చూసుకున్నాను. నిమిషం పది సెకన్లు పట్టింది. మళ్ళీ నడిచాను. నిమిషం ఐదు.

ఆసుపత్రికి వెళ్ళే దారిలో ఆమె తన నాడి తనే పట్టుకుని చూసుకుంది. లోపల రక్తం పోతోందని నాకంటే ముందు ఆమెకే తెలుసు. ఒకటీ పదిహేనుకు పోయింది. నిమిషం ముందు వచ్చి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేం అన్నాడు. బతికేది కాదు అని మాత్రం అనలేదు.

ఆసుపత్రి వరండాలో కానిస్టేబుల్ ఎలా జరిగిందని అడిగినప్పుడు, మేనల్లుడు నా భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. వడ్రంగి సరిగ్గా బిగించలేదు అని చెప్పాను. ఆ మాట నాకు తడుముకోకుండా వచ్చింది. దాని మీదే మేనల్లుడు ఫిర్యాదు రాసిచ్చాడు. బుధవారం సాయంత్రం వడ్రంగిని తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు.

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకు వడ్రంగి భార్య మా ఇంటికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. గుమ్మం బయటే నిలబడి ఒక కాగితం పొట్లం ఇచ్చింది. దాని మీద పెన్సిలుతో మా ఇంటి నంబరు, కింద 'కుడి' అని రాసి ఉంది. లోపల రెండు క్లాంపులు, ఎనిమిది మరలు ఉన్నాయి.

"ఇవి మీ ఇంటివే సార్. మీరు కబురు చేస్తారని పక్కన పెట్టుకున్నాడు. మా ఇంట్లో ఉండడం బాగుండదని తెచ్చాను," అంది.

ఇంకేమీ అడగలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగింది. ఆ పొట్లం విప్పినది విప్పినట్టే ఈ రోజు తెచ్చి మీ బల్ల మీద పెట్టాను. స్వాధీనం చేసుకున్నారు.

ఆ సాయంత్రమే మేనల్లుణ్ణి పిలిచి వడ్రంగి సంగతి చెప్పాను. వాడు నా చేయి పట్టుకున్నాడు. అమ్మ ఎలాగూ రాదు, నువ్వు కూడా లోపలికి పోతే నాకు పెద్ద దిక్కు ఎవరున్నారు మామయ్యా అన్నాడు. వడ్రంగికి లాయరును తనే పెడతానని, నన్ను నోరు విప్పొద్దని బతిమాలాడు. నా చేయి వదల్లేదు. అప్పుడు కొంగ సంగతి చెప్పాను. వాడు నా చేయి వదిలేశాడు. లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను మూడుసార్లు ఫోన్ చేశాను. తీయలేదు. వాడి మీద నాకు కోపం లేదు.

బొమ్మలు ఎక్కడ పడినవి అక్కడే ఉన్నాయి. ముందు గదికి మీరు వేసిన తాళం అలాగే ఉంది. కొంగ మాత్రం పక్క గదిలో, ఆ దిండు మీదే ఉంది. మెడ సరిచేయడం నాకు పది నిమిషాల పని. చేయలేదు. ఆ గదిలోకి వెళ్ళి దిండు తీద్దామని రెండుసార్లు అనుకున్నాను. అదీ చేయలేదు.

వడ్రంగి తప్పు ఏమీ లేదు. అతను చెప్పిన మాట విననిది నేను, పనిని సగంలో ఆపించింది నేను, బరువు పైన పెట్టింది నేను, నొప్పిగా ఉందన్న మనిషిని పీట ఎక్కించింది నేను. అతన్ని ఈ రోజే ఇంటికి పంపమని వేడుకుంటున్నాను.

కొంగ సంగతి కేసుకు అవసరం లేదని, అది రాయకపోయినా ఫరవాలేదని అధికారి గారు దయతో అన్నారు. రాయమన్నాను.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. రెండో పేజీలో, చప్పుడు విని నేను వెంటనే నా చెల్లెలి దగ్గరికి వెళ్ళినట్టు రాసి ఉంది. 'వెంటనే' అన్న మాట నేను చెప్పలేదు. రాసే ఆయన అలవాటు కొద్దీ రాశారట. ఆ మాటను నా ఎదుటే కొట్టివేయించి, పక్కన పొట్టి సంతకం చేశాను. మిగిలినదంతా నా నోటి నుంచి వచ్చినదే, జరిగినది జరిగినట్టే.

(సంతకం)